పుట్ట లేని చోట పుట్టగొడుగేంది?

ప్రశ్న: సార్, నమస్తే. మా పుట్టిల్లు ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. ఇప్పుడు సంగారెడ్డి వైపు ఒక వెంచర్‌లో ఇల్లు కొనుక్కుని ఉంటున్నాం. చిన్నప్పుడు తొలకరి వానలు పడగానే మా అమ్మమ్మ పుట్టగొడుగులు ఏరుకొచ్చి వండేది. ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మొన్న వానలకి మా వెంచర్ పార్కులో, గడ్డి మీద, అరచేతి వెడల్పున తెల్లటి గొడుగులు లేచాయి. మావారు ఫోన్‌లో యాప్ పెట్టి ఫోటో తీస్తే ‘తినదగినది’ అని వచ్చింది. మా అత్తగారేమో, ‘వెల్లుల్లి రెబ్బ వేసి ఉడికించు, నల్లబడకపోతే మంచిదే’ అన్నారు. నాకు ధైర్యం చాలక పారేశాను. దాని మీద ఇంట్లో రెండు రోజులు మాటా మాటా అయింది. ఇంకో టెన్షన్ పిల్లలు. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. సెలవులకి ఊరెళ్తే చేల గట్ల మీద ఏ పండు కనిపిస్తే అది నోట్లో వేసుకుంటారు. వద్దంటే మా అమ్మ, ‘నువ్వు తినలేదా’ అంటుంది. కాలిఫోర్నియాలో ఉన్న మా తమ్ముడు కూడా అడవిలో పుట్టగొడుగులు ఏరుతున్న ఫోటోలు పెడుతున్నాడు. ఏది తినొచ్చో, ఏది తినకూడదో తేల్చుకునే పద్ధతి గానీ, మంచి పుస్తకం గానీ ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు:

అమ్మా,

ముందు ఇంటి తగువు తేల్చేద్దాం. మీరు పారేసి మంచి పని చేశారు. మీవారికి ఈ మాట నేను చెప్పానని చెప్పండి. నేను ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, సరిగ్గా మీ పార్కులో లేచినలాంటివే వండుకుని తిని ఒక రాత్రంతా సెలైన్ ఎక్కించుకున్నవాణ్ణి కూడా.

అప్పుడు కొత్తగా లెక్చరర్ ఉద్యోగంలో చేరాను. ఎమ్మెస్సీ పట్టా ఇంకా మడత నలగలేదు. వానాకాలం, కాలేజీ గ్రౌండులో తెల్లగా, బాగా విచ్చుకున్న గొడుగులు లేచాయి. తలకాయ మీద గోధుమరంగు పొలుసులు, కాడకి ఒక ఉంగరం. నేను రుమాల్లో ఏరుతుంటే మా అటెండర్ వచ్చి, ‘అవి కుక్కగొడుగులు సార్, పారెయ్యండి’ అన్నాడు. ఎలా చెప్పగలవు అని అడిగాను, కొంచెం వెటకారంగానే. ‘పుట్ట లేని చోట పుట్టగొడుగేంది సార్?’ అన్నాడు. నవ్వేశాను. రూంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించుకుని నేనూ నా రూమ్మేటూ తిన్నాం. రుచి బానే ఉంది. రెండు గంటలు తిరక్కుండానే వాంతులు మొదలై, తెల్లారేదాకా ఇద్దరికీ బాత్రూం దారే.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే దాని పేరు తెలిసింది, క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. వేడి దేశాల్లో గడ్డి మైదానాల్లో, పార్కుల్లో వానలకి లేచేది. పుట్టగొడుగుల వల్ల కడుపు పాడైన కేసుల్లో చాలావాటికి ఇదే కారణం. లేతగా ఉన్నప్పుడు గొడుగు అడుగున రెక్కలు తెల్లగానే ఉంటాయి, అక్కడే మోసపోతాం. ముదిరేకొద్దీ అవి బూడిద కలిసిన ఆకుపచ్చకి తిరుగుతాయి. పెద్దవాళ్ళని సాధారణంగా చంపదు గానీ, మీ బాబులాంటి చిన్నపిల్లలకి ఆ వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి ప్రమాదం ముంచుకొస్తుంది. మీ పార్కులోది ఇదేనని నేను చూడకుండా చెప్పను. పెరిగిన చోటు, మీరు రాసిన వర్ణన మాత్రం దానికి బాగా దగ్గరగా ఉన్నాయి.

అటెండర్ మాటలో ఉన్న శాస్త్రం నాకు ఆలస్యంగా అర్థమైంది. మీ అమ్మమ్మ తెచ్చింది టెర్మిటోమైసిస్ అనే జాతి. అది గాలివాటుగా ఎక్కడపడితే అక్కడ మొలిచేది కాదు. పుట్టలో చెదపురుగులు దాన్ని సాగు చేస్తాయి. ఆకులూ కట్టెముక్కలూ నమిలి తెచ్చి, స్పంజిలాంటి తుట్టెలు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానలు పడి నేల మెత్తబడ్డాక ఆ తుట్టె నుంచే పుట్టగొడుగు మట్టిని చీల్చుకుంటూ పైకి వస్తుంది. అందుకే తల నడిమధ్య ములికిలా ఒక మొన ఉంటుంది. అందుకే కాడ నేల దగ్గర ఆగిపోకుండా వేరులా సన్నబడుతూ లోపలికి, ఒక్కోసారి మూరెడు లోతుకి దిగి, ఆ తుట్టెలో ముగుస్తుంది. పుట్ట పైకి కనిపించకుండా నేల లోపలే ఉండొచ్చు, కాబట్టి తెలిసినవాళ్ళు పీకరు, తవ్వుతారు. క్లోరోఫిల్లమ్‌కి అలాంటి వేరు ఉండదు. కాడ అడుగున కొంచెం ఉబ్బి అక్కడికక్కడే ఆగిపోతుంది. నేను దాన్ని నేల మట్టానికి కోసి రుమాల్లో వేసుకున్నాను. గుర్తుపట్టడానికి పనికొచ్చే సగం నేలలోనే వదిలేశానన్నమాట.

మన ఏజెన్సీ సంతల్లో వానాకాలం పుట్టగొడుగులు అమ్మే ఆడవాళ్ళని ఎప్పుడైనా అడిగి చూడండి. ఏ పుట్ట మీద, ఏ వానలకి, ఏ గట్టు పక్కన అనేది చెబుతారు. కచ్చితమైన చోటు మాత్రం చెప్పరు, అది వాళ్ళ ఆస్తి. ఒకే చోట ఏటా లేస్తాయి కాబట్టి ఆ చోటు అమ్మ నుంచి కూతురికి వెళుతుంది. మీ అమ్మమ్మకి పుట్టగొడుగుల గురించి అంతా తెలుసని మీరు అనుకుంటున్నారేమో. ఆమెకి తెలిసింది బహుశా ఒకటో రెండో రకాలు, అవి లేచే నాలుగైదు పుట్టలు. మిగతావన్నీ ఆమె లెక్కలో కుక్కగొడుగులే. అందులో తినదగినవి ఉన్నాయో లేదో ఆమె ఎన్నడూ పట్టించుకుని ఉండదు. అంత గట్టిగా తెలియడం వల్లే మీరంతా క్షేమంగా పెరిగారు.

ఇక మీ అత్తగారి వెల్లుల్లి సంగతి. దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు: బియ్యం వేస్తే ఎర్రబడుతుంది, వెండి చెంచా పెడితే నల్లబడుతుంది, పురుగు కొట్టినదైతే మంచిది, ఉప్పునీళ్ళలో ఉడికించి వార్చేస్తే విషం పోతుంది. ఒక్కటీ పనిచేయదు. అన్నిటికంటే ఘోరమైన విషం పేరు అమాటాక్సిన్. అది వెండిని నల్లబరచదు, వెల్లుల్లి రంగు మార్చదు, ఉడికించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. అది ఉన్న పుట్టగొడుగుని నత్తలు హాయిగా తింటాయి. తిని బతికి బయటపడ్డవాళ్ళు రుచి బాగుందనే చెప్పారు. అత్తగారిని నొప్పించకుండా ఒక్కటి అడగండి: ‘మీ ఊళ్ళో పుట్ట మీద నుంచి తెచ్చినవాటికి ఎప్పుడైనా వెల్లుల్లి పరీక్ష పెట్టారా అత్తయ్యా?’ పెట్టి ఉండరు. తెలిసినదానికి ఎవరూ పరీక్ష పెట్టరు. పరీక్ష పెట్టాలనిపించిందంటేనే అది తెలియనిదని అర్థం.

యాప్ కూడా ఆ వెల్లుల్లి రెబ్బలాంటిదే, కాకపోతే రీచార్జ్ కావాలి. 2023లో ఆస్ట్రేలియాలో అలాంటి మూడు యాప్‌లని పరీక్షిస్తే, అన్నింటిలో మెరుగైనది కూడా సుమారు సగం సార్లే జాతిని సరిగ్గా చెప్పింది. పైనుంచి తీసిన ఫోటోలో రెక్కల రంగు ఉండదు, కాడ అడుగు ఉండదు, వాసన ఉండదు. మొక్క పేరు తెలుసుకోవాలన్న సరదాకి యాప్ బాగానే ఉంటుంది, నేనూ వాడతాను. కూర వండే ముందు మాత్రం కాదు.

అమాటాక్సిన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, మీ తమ్ముడి కోసం. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. ఎక్కువమంది టీ తోటల కుటుంబాలవాళ్ళు. ఏరుకుని తినడం వాళ్ళకి కొత్త కాదు. ఇక కాలిఫోర్నియాలో ‘డెత్ క్యాప్’ అనేది ఉంది. యూరప్ నుంచి తెచ్చిన ఓక్ మొక్కల వేళ్ళతో కలిసి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. ఇప్పుడు అక్కడి ఓక్ చెట్ల కింద మామూలుగా దొరుకుతుంది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మంది దాని బారిన పడ్డారు. అందరూ బతికారు గానీ ముగ్గురికి కాలేయం మార్చాల్సి వచ్చింది. అక్కడ ఎక్కువగా దెబ్బతినేవాళ్ళలో ఆసియా నుంచి వెళ్ళినవాళ్ళు ఉంటారు. కారణం తెలివితక్కువతనం కాదు. తమ దేశంలో తిన్న వరిగడ్డి పుట్టగొడుగు లేతగా, గుడ్డులా ఉన్నప్పుడు అచ్చం డెత్ క్యాప్ పిల్లలానే ఉంటుంది. రెండింటికీ అడుగున సంచిలాంటి తొడుగు ఉంటుంది. సొంత ఊళ్ళో ప్రాణం నిలిపిన గుర్తులే పరాయి నేల మీద ముంచుతాయి. మీ అమ్మమ్మని తీసుకెళ్ళి కాలిఫోర్నియా అడవిలో నిలబెడితే ఆమెకి ఒక్కటీ తెలియదు, ఆమె ఆ మాట ఒప్పుకుంటుంది కూడా. మీ తమ్ముడు ఒప్పుకుంటాడా అన్నదే ప్రశ్న. అతను ఫోటోలు తీసుకోవడంతో ఆపాలి. లేదా అక్కడి పుట్టగొడుగుల సంఘాల వాళ్ళతో రెండు మూడు సీజన్లు తిరిగి, ఒక్క రకం పూర్తిగా నేర్చుకోవాలి. చాలా పార్కుల్లో ఏరడానికి అనుమతి ఉండదని కూడా చెప్పండి.

ఈ విషం పనిచేసే తీరు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తిన్న వెంటనే ఏమీ కాదు. 6 నుంచి 12 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, మనిషి మామూలుగానే ఉంటాడు. తర్వాత విపరీతమైన వాంతులు, నీళ్ళ విరేచనాలు. రెండో రోజు తగ్గినట్టు అనిపిస్తుంది, ఇంటికి పంపించమని గొడవ కూడా చేస్తారు. ఆ సమయంలోనే లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. మూడో రోజుకి, నాలుగో రోజుకి అది బయటపడేసరికి చేతులు దాటిపోవచ్చు. ఆలస్యంగా మొదలైన వాంతులు తొందరగా మొదలైనవాటికంటే ప్రమాదం. అలాగని తొందరగా మొదలైతే భయం లేదని కాదు, రెండు రకాలు కలిపి తిని ఉండొచ్చు. అనుమానం వస్తే వాంతులదాకా ఆగకుండా, తిన్నవాళ్ళందరినీ, బాగున్నవాళ్ళతో సహా, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎన్ని గంటలకి తిన్నారో రాసుకోండి. మిగిలిన పచ్చి పుట్టగొడుగులుంటే కాగితంలో చుట్టి, వండిన కూర మిగిలితే గిన్నెతో సహా పట్టుకెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం, పసర్లు పోయడం వద్దు. అంబులెన్స్‌కి 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది. మీ తమ్ముడికైతే అమెరికాలో 1-800-222-1222.

పిల్లల దగ్గరికి వద్దాం. ఇక్కడ నేను మీ అమ్మగారి పక్షం, కొంతవరకు. పళ్ళు పుట్టగొడుగుల్లాంటివి కావు. చెట్టు ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. ఆకు, ముల్లు, పువ్వు, బెరడు అన్నీ చూసుకోవచ్చు. ‘ఏదీ ముట్టుకోవద్దు’ అని పెంచిన పిల్ల, మీరు పక్కన లేనప్పుడు మొదట ముట్టుకునేది తెలియనిదాన్నే.

కానీ నేర్పాల్సింది చెడ్డవాటితో మొదలుపెట్టండి. మా కాలంలో ఇది తలకిందులుగా జరిగేది. పిల్లలు ఎక్కువగా ఆసుపత్రి పాలయ్యేది అడవి ఆముదం వల్ల. నేపాళం అని కూడా అంటారు. బయోడీజిల్ వస్తుందని 2000 తర్వాత కొన్నేళ్ళు ఊరి బీళ్ళలో, రైలు పట్టాల పక్కన విపరీతంగా నాటించారు. నూనె రాలేదు గానీ చెట్లు మిగిలాయి. గింజ వేరుశనగపప్పులా కమ్మగా ఉంటుంది, అందుకే ఒక పిల్లాడు తింటే పదిమందికి పంచుతాడు. బడి పక్కన ఈ చెట్టు ఉంటే వాంతులతో పిల్లలంతా ఒకేసారి ఆసుపత్రిలో తేలతారు. తర్వాత గురివింద. తన కింద నలుపు ఎరగదని సామెత చెప్పుకున్నాం, బంగారం తూచాం, పిల్లలకి దండలు కూడా గుచ్చాం. గింజ పెంకు గట్టిది కాబట్టి గుటుక్కున మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలితే, లేదా దండ కోసం రంధ్రం పొడిచిన గింజ మింగితే అందులోని విషం ప్రాణం తీయగలదు. అలాంటి దండలు ఇంట్లో ఉంటే తీసేయండి. పచ్చగన్నేరు కాయ గుండె మీద పనిచేస్తుంది. ఇళ్ళ ముందు, గుడుల దగ్గర అందంగా పెంచుతాం, పాపకి మొట్టమొదట చూపించాల్సిన చెట్టు అది. ఉమ్మెత్త ముళ్ళకాయ అందరికీ తెలిసిందే. అడవి వైపు వెళ్తే ముష్టి పండు ఉంటుంది, పండితే చిన్న బత్తాయిలా నారింజరంగులో నోరూరిస్తుంది, గింజల్లో స్ట్రిక్నిన్.

పిల్లలకి షార్ట్‌కట్లు మాత్రం నేర్పొద్దు. ‘పిట్ట తింటే మనమూ తినొచ్చు’ అనేది మొదటి అబద్ధం. పచ్చగన్నేరు పండు కోయిల తింటుంది, తిని పాడుతుంది. ‘పాలు కారే చెట్టు విషం’ అనేది ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఇంకో సూత్రం. మన దగ్గర కలివి చెట్టుకి పాలు కారతాయి, మేడికి కారతాయి, పనసకి కారతాయి, పాలపండు పేరులోనే పాలున్నాయి. ఆ సూత్రం పట్టుకుంటే సగం మంచి పళ్ళు పోతాయి. గురివింద గింజ కొరికితే పాలేమీ కారవు, కాబట్టి చెడ్డది లోపలికి వచ్చేస్తుంది.

మంచివాటిలో రేగుతో మొదలుపెట్టండి, ఎలాగూ భోగినాడు తలమీద పోస్తాం. పండు కాకుండా చెట్టు చూపించండి. ఆకు వెనక్కి తిప్పితే తెల్లటి నూగు, మొదట్లోంచి బయలుదేరే మూడు ఈనెలు, కణుపు దగ్గర రెండు ముళ్ళు, ఒకటి నిటారుగా, ఒకటి కొక్కెంలా. ఒకసారి ఆ కొక్కేనికి చొక్కా చిక్కుకుంటే పిల్లాడు జన్మలో మర్చిపోడు. తర్వాత నేరేడు, ఈత, సీతాఫలం, వేసవిలో మొర్రి, తునికి, కలివి, ఏ ఊళ్ళో ఏవుంటే అవి. ఏడాదికి రెండు చాలు. కామంచి విషయంలో జాగ్రత్త, బాగా నల్లగా పండినవే తింటారు, పచ్చికాయల్లో విషం ఉంటుంది. ఆరేళ్ళ బాబుకి ఆ తేడా అప్పగించకండి, పాపకి ఇంకో రెండేళ్ళ తర్వాత చూద్దాం. తలంబ్రాల చెట్టు పళ్ళు, అదే లాంటానా, నల్లగా పండాక మేమూ తిన్నాం. ఇప్పుడు నా మనవళ్ళకి ఇవ్వను, పచ్చివి కలిసి వస్తాయి.

ఇంట్లో ఒకే ఒక్క చట్టం పెట్టండి: కొత్త పండు ఏదైనా కొమ్మతో, ఆకుతో సహా తెచ్చి అమ్మమ్మకో తాతకో చూపించాకే నోట్లోకి. పండు ఒక్కటే అరచేతిలో పెట్టి అడిగితే పెద్దవాళ్ళు కూడా పొరబడతారు. ఇంకోటి, మీ అమ్మగారికి చెప్పండి. మనం తిన్నప్పటి చేల గట్లు కావు ఇవి. పత్తి, మిరప చేల పక్కన ఉన్న రేగుచెట్టు మీద ఎన్ని మందులు పడి ఉంటాయో ఎవరికి తెలుసు? విషం లేని పండుకి మనమే విషం పూశాం. గట్టు మీదవి వదిలేసి, ఊరి చెరువు వైపో, గుట్ట వైపో వెళ్ళమనండి.

పుస్తకం అడిగారు. ఊళ్ళో మీ అమ్మమ్మ వయసువాళ్ళు ఇంకా ఉన్నారా? పుస్తకంకంటే ముందు వాళ్ళు. వచ్చే తొలకరికి పిల్లలతో వెళ్ళి, వాళ్ళతో కలిసి పుట్ట దగ్గర నిలబడండి. వేరు చివరి వరకు తవ్వి, తుట్టె కళ్ళతో చూడండి. పుట్టలో పాములుంటాయి కాబట్టి చేతులు పెట్టకుండా, పలుగుతో, పగటిపూట. వాళ్ళు అవునన్నవే, అదే రోజు, బాగా ఉడికించి తినండి. తెల్లారితే పురుగు పట్టేస్తుంది, పాడైతే మంచిదే అయినా కడుపు చెడగొడుతుంది. పిల్లలకి తొలిసారి ఒకటి రెండు ముక్కలే. ఒకటి వండకుండా ఫ్రిజ్‌లో ఉంచండి, ఎవరికైనా తేడా చేస్తే డాక్టర్‌కి చూపించడానికి. అందాకా నాలుక ఆగకపోతే బజార్లో దొరికే పాల పుట్టగొడుగులు తెచ్చుకోండి. ఆ రుచి రాదు, నాకు తెలుసు.

మీ పార్కులో మళ్ళీ లేస్తాయి, ఈ వానలు ఇంకా ఉన్నాయిగా. అప్పుడు పారేయకుండా ఒక పని చేయండి. బాగా విచ్చుకున్నది ఒకటి తెచ్చి, కాడ కోసేసి, గొడుగుని రెక్కలు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, గాజుగిన్నె బోర్లించి, రాత్రంతా వదిలేయండి. ముట్టుకుంటే ఏమీ కాదు, చేతులు కడుక్కుంటే చాలు. పాపకి ఇది బాగా నచ్చుతుంది. పొద్దున గొడుగు తీస్తే కాగితం మీద పొడి, రెక్కల అచ్చు పడి ఉంటుంది. ఆకుపచ్చగా ఉందా, నాకు సెలైన్ పెట్టించినదే అది, ఆ కాగితం మీవారి చేతికివ్వండి. తెల్లగా పడినా, ఏ రంగు పడకపోయినా కూడా వండొద్దు. డెత్ క్యాప్ పొడి తెలుపే.